బండ దిగిన బొచ్చన్న

ఇప్పలకోన అనే అడవిలో ఏనుగులు, దుప్పులు, అడవి పందులు, నక్కలు, కుందేళ్ళు ఉండేవి. వానాకాలంలో ఎవరి బతుకు వారిదే. ఎండాకాలం వస్తే మాత్రం అందరి ప్రాణమూ వాగు ఇసుకలోని ఒక్క చెలమ మీదే. ఆ చిన్న గుంటలో నీళ్ళు మెల్లగా ఊరేవి. అందుకని వంతులు పెట్టుకున్నారు. పిల్లతల్లులు ముందు, ముసలివాళ్ళు తరువాత, మిగిలినవాళ్ళు ఆ తరువాత. వంతులు చూడడానికి ఒక పెద్దను ఎన్నుకుని, చెలమ పక్కనున్న బండ మీద కూర్చోబెట్టేవారు.

ఒక ఏడు చెలమ కూడా ఎండిపోయింది. బొచ్చన్న అనే ఎలుగుబంటి గోళ్ళు అరిగేదాకా తవ్వి, మూడో రోజుకు నీళ్ళు తెప్పించాడు. అడవి అతన్ని నెత్తిన పెట్టుకుంది. "ఇకనుంచి నువ్వే మా పెద్దవన్నా!" అంటూ బండ ఎక్కించింది.

మొదట్లో బొచ్చన్న అందరికీ తాగించి, ఆఖరున తాను తాగేవాడు. కుందేళ్ళు అతని వీపెక్కి ఆడుకునేవి. ఒంటినిండా పొలుసులతో చీమలు తిని బతికే పొలుసమ్మ అనే ముసలి అలుగు రోజూ వచ్చి కష్టసుఖాలు మాట్లాడేది.

రెండో ఏడు కోరలయ్య అనే అడవి పంది మోదుగాకుల్లో చుట్టి ఇప్పపూలు తెచ్చాడు. ఇప్పపూలంటే ఎలుగుబంట్లకు ఎంత ప్రాణమో అడవిలో తెలియనిదెవరికి?

"ఏంటయ్యా ఇవి?" అన్నాడు బొచ్చన్న.

"ఏదో అభిమానమన్నా. ఎండలో కూర్చుంటావు, కాస్త నోరు తీపి చేసుకుంటావని. అన్నట్టు, ఇవాళ మావాళ్ళకు కొంచెం తొందరగా ఉంది."

బొచ్చన్న పూలు తిన్నాడు. పందుల వంతు ముందుకు జరిగింది. ఒక్కరోజేగా అనుకున్నాడు. మరునాడు పూలు మళ్ళీ వచ్చాయి. వారం తిరిగేసరికి నక్కలూ తెచ్చాయి. తినలేనన్ని వస్తే గుహలో దాచాడు. అభిమానంతో తెచ్చినవి కాదనడం మర్యాద కాదని తనకు తానే రోజూ చెప్పుకునేవాడు. మంచి పనికి అన్ని సర్దుబాట్లెందుకో మాత్రం ఆలోచించలేదు.

"నాయనా, వాళ్ళు పూలు తెస్తున్నది నీకు కాదు, నువ్వు కూర్చున్న బండకు" అంది పొలుసమ్మ ఒకరోజు.

"నీ చీమలేవో నువ్వు తినక, నా సంగతి నీకెందుకే ముసలీ!" అని కసిరాడు బొచ్చన్న.

ఆమె మళ్ళీ రాలేదు. కుందేళ్ళూ మానేశాయి. వచ్చేవాళ్ళంతా పూలిచ్చి, పని చూసుకుని పోయేవారు. గుహలో ఒక్కడే కూర్చుని పూలు నములుతుంటే అతనికి దిగులు వేసేది. ఆ దిగులుకు ఇంకో గుప్పెడు తినేవాడు.

నాలుగో ఏడు ఎండలు మండిపోయాయి. చుక్కమ్మ అనే దుప్పి పసిబిడ్డతో పొద్దున్నే వచ్చి నిలబడింది. న్యాయంగా మొదటి వంతు ఆమెదే. కానీ ముందు పందులు దిగాయి, తరువాత నక్కలు దిగాయి. చివరికి గుంటలో బురద మిగిలింది. పిల్ల కాళ్ళు మడిచి కూలబడింది.

"నా బిడ్డ కళ్ళు తేలేస్తోందన్నా!" అని చుక్కమ్మ ఏడ్చింది. బొచ్చన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ ఏడుపు విని, అడవిలో అందరికన్నా వయసులో పెద్దదైన ఏనుగవ్వ పరుగున వచ్చింది. కాలితో ఇసుక తవ్వి, ఊరిన నాలుగు చుక్కలూ పిల్ల నోట్లో పోసింది. పిల్ల బతికింది. పూలు తీసుకుని వంతులు మార్చావా అని అందరూ బొచ్చన్నను నిలదీశారు.

"పూలా? ఇప్పపూల కాలం పోయి నెల దాటిందిగా!" అన్నాడతను.

ఏనుగవ్వ అతని గుహ దాకా నడిచి, లోపల కప్పి ఉన్న ఆకులను తొండంతో లాగింది. పులిసిన ఇప్పపూలు గుట్టలుగా బయటపడ్డాయి.

"నువ్వైనా చెప్పు తమ్ముడూ!" అన్నాడు బొచ్చన్న కోరలయ్య వైపు తిరిగి.

"ఈయనతో నాకు పెద్దగా పరిచయం లేదవ్వా" అన్నాడు కోరలయ్య.

ఏనుగవ్వ పందులనూ నక్కలనూ వరుస చివరికి పంపింది. బొచ్చన్నతో, "మూడు ఎండాకాలాలు నీకు వంతు లేదు. కొండ అవతల ఉండు. అందరూ వెళ్ళాక వచ్చి తాగు. నీతో ఎవరూ మాట్లాడరు" అంది.

పొలుసమ్మను పెద్దను చేశారు. కోరలయ్య ఆమెకూ పూలు తెచ్చాడు. "వరుసలో అందరికీ పంచు నాయనా" అందామె. అతను మళ్ళీ తేలేదు. ఆఖరివాడి దాకా నీళ్ళు తేటగా అందాయి. పిల్లలంతా ఆమె బండ చుట్టూనే ఆడుకునేవారు.

ఆ నవ్వులు కొండ అవతలికి వినిపించేవి. బొచ్చన్న వచ్చేసరికి ఇసుకలో అడుగులు మాత్రమే ఉండేవి. ఇవి కుందేళ్ళవి, ఇది పొలుసమ్మ తోక ఈడ్చిన గీత అని గుర్తుపట్టేవాడు. మాట వినాలనిపించి తనతో తనే మాట్లాడుకునేవాడు. శిక్ష తీరితే చాలు, మళ్ళీ అందరిలో కలిసిపోతాననే ఆశతోనే మూడేళ్ళు గడిపాడు.

శిక్ష తీరింది. బొచ్చన్న వచ్చి వరుసలో నిలబడ్డాడు. ఎవరూ పొమ్మనలేదు. చుక్కమ్మ కొత్త బిడ్డతో వచ్చి, అతన్ని చూసి దూరంగా ఆగిపోయింది.

"రా చెల్లీ, పిల్లతల్లివి. ముందు వంతు నీదే" అన్నాడు.

"వద్దన్నా. నాకు కోపమేమీ లేదు. ముందు నువ్వే తాగి వెళ్ళు. నువ్వుండగా బిడ్డను దింపడానికి నాకు ధైర్యం చాలదు."

వరుస మొత్తం పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చింది. బొచ్చన్న ఒక్కడే వెళ్ళి తాగాడు. తరువాత కొండ అవతలికి నడిచాడు. ఉండమని ఎవరూ అనలేదు.

నీతి: పదిమంది నమ్మి అప్పగించిన పనిని అమ్ముకున్నవాడికి శిక్ష తీరినా ఒంటరితనం తీరదు.