ఎనిమిదో ఉబ్బరం

గవిరయ్య ఇంట్లో తెలివి ఎంత నిలవుండేదంటే, ఎవరైనా సలహా చెప్పబోతే "మాకు చాలా ఉంది, పక్కింట్లో అడుగు" అని గుమ్మంలోంచే తోలేసేవారు. ఇంట్లో ముగ్గురు: గవిరయ్య, పెళ్ళాం సన్యాసమ్మ, తమ్ముడు చినప్పడు. ముగ్గురికీ ఒకటే గేదె. దాని పాలే వాళ్ళ కూడు.

ఓ వానాకాలం ఆ గేదె పొట్ట ఉబ్బింది. పాలు చెంబుడికి దిగాయి. పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి, కాగితం మీద సున్నాలు చుట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణాలు గీసింది.

"ఏది దేనివల్లో ఈ బాణాలు చెబుతాయి గవిరయ్యా. వాన వల్ల గడ్డి తడిసింది. తడి వల్ల బూజు. బూజుగడ్డి తింటే పది గేదెల్లో ఏడింటికి ఉబ్బరం. బూజు నుంచి ఉబ్బరానికి పోయే ఈ బాణం తెగ్గొట్టు, చాలు. సాయంత్రం మందు తెస్తా."

"మాకా చెప్పడం!" అన్నాడు గవిరయ్య.

అంతే. ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, కొడవలి తెచ్చి కాగితం మీది బాణాన్ని నడిమికి కోశాడు. "దారి తెగింది. బూజు ఇక ఇటు రాలేదు," అని గేదెకు రెండు మోపుల బూజుగడ్డి మేపాడు. ఇంకేముంది, పొట్ట డప్పులా బిగిసింది.

"మామా, మనది ఏడింట్లోదా, మిగిలిన మూడింట్లోదా?" అంది సన్యాసమ్మ.

గవిరయ్యకు చెమట పట్టింది. నిజమే! ఒక్క గేదెతో పదింటి లెక్క తేలేదెలా?

"తొమ్మిది తోలుకురారా!"

ఊరంతా నాట్లలో ఉంది. చినప్పడు ఎవరినీ అడక్కుండా తొమ్మిది గేదెల్ని విప్పుకొచ్చాడు. అన్నిటికీ అదే గడ్డి. సాయంత్రానికి ఎనిమిది ఉబ్బాయి.

"ఏడే కదరా ఉబ్బాలి?"

"ఒకటి వేషాలేస్తోందన్నా."

"ఏదిరా?"

"పక్కవాళ్ళ గేదెలు దొంగవంటే ఊరుకుంటారా? మనదే అనుకుందాం."

గవిరయ్యకు ఆ మాట ఎంతో మర్యాదగా తోచింది.

డాక్టరమ్మ మందునూనెతో వచ్చేసరికి వాళ్ళ గేదె కళ్ళు తేలేసి పడి ఉంది. గవిరయ్య చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"దీనికొద్దమ్మా. ఇది ఎనిమిదోది. మీ లెక్క ప్రకారం దీనికి జబ్బు లేదు."

"నా లెక్క అడిగి ఉబ్బుతుందా గేదె? చస్తోందయ్యా, కళ్ళు కనబడ్డం లేదా? తప్పుకో!"

ఆవిడ అతన్ని పక్కకు నెట్టి, వెదురుగొట్టంతో గేదె గొంతులో నూనె పోసింది. మిగతా ఏడింటికీ పోసింది. కాసేపటికి గేదె పాక అదిరేలా త్రేన్చింది.

"బతుకుతుందా అమ్మా?" అన్నాడు గవిరయ్య.

"నెమరు మొదలెట్టింది. పదింట తొమ్మిది వంతులు బతికినట్టే," అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

"అయితే పదో వంతు పోయినట్టే కదా మామా!" సన్యాసమ్మ గొల్లుమంది.

పోయిన వంతు ఏదా అని ముగ్గురూ గేదె చుట్టూ వెతికారు. చెవులు ఆడుతున్నాయి. దవడ కదులుతోంది. తోక మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. ఇంకేముంది! పడుకున్న గేదె వెనకే గొయ్యి తవ్వి, తోకకు పసుపు రాసి, అందులో పెట్టి మట్టి కప్పారు.

గేదెలు కనబడక ఊరివాళ్ళు కర్రలు పట్టుకుని అరుస్తూ వచ్చేసరికి, గవిరయ్య గుమ్మంలో చేతులు జోడించి నిలబడ్డాడు.

"కేకలెయ్యకండి బాబూ, చావింట్లో," అన్నాడు.

అతని తల మీద సరిగ్గా పదో వంతు గుండు.