చేత్తో దిద్దవద్దు

తాయారమ్మ గారు ఎవరేం అడిగినా జవాబు చెప్పేవారు కాదు. పక్క కుర్చీ చూపించి, "నా ఎదుట చెయ్యి, చూద్దాం" అనేవారు. ఆస్పత్రులకు మందుల చీటీల సాఫ్ట్‌వేర్ రాసే ఆ ఆఫీసులో అందరూ ఆవిడను మేడమ్ అనేవారు. కాలేజీలో కాక ఫోన్లో వీడియోలు చూసి కోడింగ్ నేర్చుకున్న తన్మయి మాత్రం గురువుగారూ అని పిలిచేది.

ఆ రోజు నాలుగింటికి తన్మయి ఒంటికాలి మీద లేచి వచ్చింది. "గురువుగారూ, రాసిందల్లా ఎవరో ఒకరు చెరిపేస్తూ ఉంటే ఇక మనం రాయడం ఎందుకండీ?"

సంగతేమిటంటే, పొద్దున ఒక ఊరి ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. పసిపిల్లల జ్వరం సిరప్ చీటీ మీద ఒకటిన్నర మిల్లీలీటర్లు పడాల్సిన చోట రెండు అని పడుతోంది. ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి పట్టుకుంది; అందరూ పట్టుకోలేరు. సాయంత్రం అయిదింటికి ఆస్పత్రులన్నిటికీ కొత్త వెర్షన్ వెళుతుంది, ఆలోపు దిద్దాలి. తన్మయి అరగంటలో తప్పు కనిపెట్టింది. చుక్క తర్వాత ఎన్ని అంకెలు వెయ్యాలో చెప్పే చోట ఒకటి ఉండాల్సింది, సున్నా ఉంది. దిద్దింది. కాసేపటికి మళ్ళీ సున్నా. మళ్ళీ దిద్దింది, మళ్ళీ సున్నా. మూడోసారి కూడా పోయేసరికి, చీటీల కోడ్ చూసే పాతకాపు భూషణం బల్ల దగ్గరికి వెళ్ళి పదిమందిలో నిలదీసింది. "వీడియోలు చూసి నేర్చుకున్నదాని చెయ్యి పడితే మీ కోడ్ మైలపడిపోతుందా, సార్?"

"నేను ముట్టుకోలేదమ్మా," అన్నాడు భూషణం. చుట్టూ ఉన్నవాళ్ళు ముసిముసిగా నవ్వారు.

తాయారమ్మ గారు అంతా విని కుర్చీ చూపించారు.

ఫైలు తెరవగానే తన్మయి వేళ్ళు ఆగలేదు. వరసలన్నీ వంకరటింకరగా ఉన్నాయి. ముందు కోడ్ వరసలు సర్దే ఫార్మాటర్ నడిపింది. అది క్షణంలో చిక్కుదీసి జడ వేసినట్టు సర్దేసింది.

"ప్రాజెక్టులో వంకర కోడ్ అంతా ఫార్మాటర్ తనంతట తానే సర్దుతుంది కదా. దీన్నెందుకు వదిలేసిందో?" అన్నారు తాయారమ్మ గారు.

"మినహాయింపుల జాబితాలో పెట్టారండీ. ఎవరి బద్ధకమో! నేనే ప్రతిసారీ బలవంతంగా నడుపుతున్నా."

ఆవిడ ఊ కొట్టారు. తన్మయి సున్నా తీసి ఒకటి పెట్టి పంపింది. ఇద్దరూ తెరనే చూస్తూ కూర్చున్నారు. భూషణం ఎదురుగా క్యాంటీన్ గుమ్మంలో ఉన్నాడు, టీ తాగుతూ. ముక్కలన్నీ కలిపి ప్రాజెక్టును కొత్తగా కట్టే బిల్డ్ మొదలైంది. ఫైలు వాళ్ళ కళ్ళముందే మళ్ళీ వంకర తిరిగింది. ఒకటి పోయి సున్నా వచ్చింది.

"ఎవరు చెరిపారు?"

తన్మయి క్యాంటీన్ గుమ్మం వైపు చూసింది. "ఎవరూ... ఎవరూ ముట్టుకోలేదండీ."

"పైవరస చదువు."

పొద్దుటినుంచి చూస్తున్నదే. ప్రతి ఫైలు నుదుటా ఏవో నాలుగు మాటలుంటాయి, ఎవడు చదువుతాడులే అని దాటేసినదే. 'మందుల పట్టిక నుంచి యంత్రం రాసిన ఫైలు. చేత్తో దిద్దవద్దు.'

"నా ఖర్మ," అని తల పట్టుకుంది. "నీట్‌గా సర్దేసుకుని, మనిషి రాసిందే అనుకున్నాను."

మందుల పట్టిక వెతికి తెరిచింది. 'ద్రవ మందులు' అన్న వరసలో అదే సున్నా. దాన్ని ఒకటి చేసి బిల్డ్ నడిపింది. ఈసారి ఒకటి నిలిచింది. ఒక్క సిరప్‌లోనే కాదు, చుక్కల మందులు, దగ్గు మందులు కలిపి ఇరవైమూడు చీటీల్లో అంకె మారింది. మిగతా ఇరవైరెండింటి సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

అయిదుకు పది నిమిషాలుండగా కొత్త వెర్షన్‌లో అది చేరిపోయింది. తెర మీద ఫైలు ఇంకా వంకరగానే ఉంది. ఫార్మాటర్ మీదికి పోయిన వేలిని తన్మయి వెనక్కి తీసుకుంది.

"అయిపోయినట్టే కదండీ, గురువుగారూ?"

"యంత్రంతో పని అయింది," అన్నారు తాయారమ్మ గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "భూషణం ఆరింటి బస్సుకి వెళ్ళిపోతాడు."