మట్టిగడ్డ కింది నల్లపురుగు

అనగనగా కోనపురం. ఆ కోనపురాన్ని ఏలే గజవర్మకి కరువంటే మహా భయం. చిన్నతనంలో ఆకలి ఎరిగిన మనిషి. అంత భయమున్నవాడి చేతిలో అధికారం ఉంటే ఏమవుతుందో వినండి.

ఒక ఏడు జొన్న మొలకలు తెల్లారేసరికి మొదలంటా తెగి పడసాగాయి. రాజు స్వయంగా చేనికి వెళ్లి మట్టిగడ్డ ఎత్తాడు. దాని కింద నిగనిగలాడే నల్ల పెంకుపురుగు! పొడుగు కాళ్లు, కత్తెర లాంటి దవడలు. 

"ఇదే దొంగ! ఇది కనబడ్డ చేనల్లా దున్నిపారెయ్యండి!" అని దండోరా వేయించాడు.

డప్పు వినబడితే చాలు, ఊళ్లకి ఊళ్లు వణికిపోయాయి. రాజే నాగళ్లు వెంటబెట్టుకుని చేను చేనుకీ తిరిగాడు. "మా చేలో లేదు ప్రభూ" అన్నాడు మొదటి రైతు. గట్టు మీద రాయి తీస్తే పురుగు పరుగెత్తింది. చేను పోయింది. "మా చేలో అసలే లేదు" అన్నాడు రెండోవాడు. ఎండుటాకుల కింద దొరికింది. ఆ చేనూ పోయింది.

మూడోది ఓబులమ్మది. ఆమెకున్నది ఆ ఒక్క చేనే. అది పోతే ఏడాదంతా గంజికి కూడా గతి లేదు. నాగళ్లు గట్టు దిగుతుంటే ఆమె వాటికి అడ్డంగా వెళ్లి నిలబడింది. అయినా అబద్ధం ఆడలేకపోయింది.

"ఉన్నాయి ప్రభూ. రాళ్ల కింద, గడ్డల కింద, చెత్త కింద, చెమ్మ ఉన్న చోటల్లా ఉన్నాయి. కానీ అవి పైరు తినడం నేనెన్నడూ చూడలేదు. తమరు చూశారా?"

రాజు చెయ్యెత్తి నాగళ్లను ఆపించాడు. పైరు తినడం ఆయనా చూడలేదు మరి!

ఓబులమ్మ మూడు కుండలు తెచ్చి, ఒక్కోదాంట్లో ఒక్కో నల్లపురుగును వేసింది. మొదటి కుండలో లేత మొలకలు పెట్టింది. రెండోదాంట్లో జొన్నలు పోసింది. తెగిన మొలక పక్కన తవ్వితే, మొలక ముక్కను ఇంకా కొరుకుతున్న లావుపాటి లద్దెపురుగు బయటపడింది. దాన్ని మూడో కుండలో వేసి, అన్నిటికీ మూతలు పెట్టింది.

"పొద్దు వాలేదాకా ఆగండి ప్రభూ" అని కుండల పక్కనే కూర్చుంది. 

పొద్దు వాలింది. మొదటి మూత తీశారు. మొలకలు చెక్కుచెదరలేదు. రెండోది తీశారు. గింజలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. మూడో మూత తీసేటప్పుడు ఓబులమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

లద్దెపురుగు లేదు. కాస్త తోలు మిగిలింది. నల్లపురుగు తీరిగ్గా కాళ్లు సవరించుకుంటోంది.

రాజు దున్నించిన చేలవైపు చూశాడు.  "కరువుకు భయపడి, చేలకు కాపలా ఉన్నవాటినే చంపించానే! కరువును నేనే పిలుచుకొచ్చానే!" అన్నాడు. నాగళ్లు వెనక్కి మళ్లాయి. ఆ ఇద్దరు రైతులకూ ఏడాది తిండి కోట నుంచే వెళ్లింది.

భయపడ్డ కంటికి ఎదురుపడ్డవాడల్లా దొంగలాగే కనిపిస్తాడు. శిక్షించే ముందు, వాడు తప్పు చేయడం మనం నిజంగా చూశామా అని తప్పక ఆలోచించాలి.