ఏడవని ఆటగాడు

అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే అలవాటు జోగారావు మాస్టారికి లేదు. కాకినాడ క్లబ్బులో ఆయన దగ్గర టెన్నిస్ నేర్చుకున్న వాళ్ళందరికీ అది తెలిసిన సంగతే. అయినా ఆ సాయంత్రం హైమ అడిగింది. రాష్ట్ర పోటీల ఫైనల్లో ఓడి, బహుమతులిచ్చే వేళ అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చి వచ్చిన పిల్ల.

"ఆట వచ్చు మాస్టారూ. ఏడుపు ఆపుకోవడమే రాదు. అది నేర్పండి," అంది.

మాస్టారు ఆమెను బెంచీ మీద కూర్చోమని, లెన్నార్ట్ ఏక్వాల్ అనే పాత స్నేహితుడి సంగతి ఎత్తారు. వయసులో ఉండగా ఆయన యూరప్‌లో చిన్నాచితకా టోర్నీలు ఆడుతూ తిరిగారు. ఆ రోజుల్లో ఇద్దరూ కలిసి ప్రాక్టీసు చేసేవారట.

లెన్నార్ట్ స్వీడన్‌లో సముద్రపొడ్డు ఊరివాడు. చిన్నప్పుడు మహా ఉడుకుమోతు. పాయింటు పోతే రాకెట్ విసిరేవాడు, ఆట పోతే నేలమీద పడి ఏడ్చేవాడు. తండ్రి పడవలు బాగుచేసే మనిషి, మాట తక్కువ. ఒకనాడు కొడుకు చేతిలోంచి రాకెట్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఏడవకుండా ఓడిపోవడం వచ్చాక అడుగు," అన్నాడు. ఆ చలికాలమంతా రాకెట్ బయటికి రాలేదు. మంచు కరిగాక లెన్నార్ట్ వచ్చి అడిగినప్పుడు, వాడి మొహంలో కోపమూ లేదు, ఆశా లేదు.

ఆ మొహమే అతన్ని పెద్ద ఆటగాణ్ణి చేసింది. అలిసిపోయాడో, భయపడ్డాడో ఎదుటివాడికి అంతుపట్టేది కాదు. పత్రికలు మంచుగడ్డ అని పేరు పెట్టాయి. దేశం తరఫున ఆడాడు, పేరున్న వాళ్ళను ఓడించాడు, తండ్రి ఇంటికి కొత్త పైకప్పు వేయించాడు. బ్రిట్టా అనే పంతులమ్మను మనసుపడి పెళ్ళాడాడు.

తొలి కాన్పులో పాప పుట్టింది. వారం తిరక్కుండానే పోయింది. ఇటలీలో ఆడుతున్నవాడు ఆట వదిలేసి వచ్చాడు. పాపను పడుకోబెట్టిన చిన్న పెట్టెను తానే మోసుకెళ్ళి మట్టిలో దించాడు. కొన్నాళ్ళకే మళ్ళీ ఆటకు వెళ్ళి గెలిచాడు. మంచుగడ్డ కరగలేదని పత్రిక మెచ్చుకుంది. బ్రిట్టా అది చదివి, మడిచి పక్కన పెట్టింది.

అతను ఇంటికి రాగానే చెయ్యి పట్టుకుంది. "నాతోపాటు ఒక్కసారి ఏడువు, లెన్నార్ట్. ఇది నేనొక్కదాన్నే మొయ్యలేకపోతున్నాను."

అతనికీ ఏడవాలనే ఉంది. గుండెలో బండ పడ్డట్టుంది గాని, కంట తడి రాలేదు. పాప మొహం తలుచుకున్నాడు, చిట్టి పిడికిలి తలుచుకున్నాడు. రాలేదు. చివరికి వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరిగాడు. కళ్ళు మండి నీళ్ళు కారాక, ఆ మొహంతో వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. బ్రిట్టాకు ప్రాణం లేచొచ్చింది. అతని చెంపలు తుడిచింది. రెండు చేతులూ తీసుకుని తన మొహానికి ఆనించుకుంది.

వేళ్ళ వాసన తగిలింది.

ఆమె అతని చేతుల్ని మెల్లగా అతని ఒళ్ళోనే పెట్టేసి లేచింది. వేసవి రాకముందే పుట్టింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ ఏడాదే ఒక ఊళ్ళో లెన్నార్ట్ మంచి ఆట ఆడాడు. గదికి వచ్చి, బూట్లు విప్పుకుంటూ మాస్టార్ని అడిగాడు. "జోగీ, ఇవాళ నేను గెలిచానా, ఓడానా?" వేళాకోళం కాదు, నిజంగానే తెలియక అడిగాడు. ఆ తర్వాత అతను ఆడలేదు. మోకాలి నొప్పి అని జనం చెప్పుకున్నారు.

హైమ బెంచీ మీద మాస్టారి వైపు తిరిగింది.

"పోనీ, తర్వాతెప్పుడైనా ఏడ్చాడా మాస్టారూ?" అంది.

మాస్టారు కండువాతో మొహం తుడుచుకున్నారు. "నువ్వు అడిగింది నేర్పగలనమ్మా, అదేమంత కష్టం కాదు. పోయిన ఏడుపును మళ్ళీ రప్పించడమే నాకు రాదు," అన్నారు.