ఆదోని క్యాంపులో నెత్తురు పరీక్ష

పొద్దున దొడ్డికి పోయినప్పుడు ఏం చూశావు? చెప్పు. ముఖం తిప్పుకోకు. ఆ సిగ్గుతోనే ఎంతమంది మట్టిలో కలిశారో ఆదోని మిల్లుల్లో పనిచేసిన వాళ్లనడుగు.

ఈ ప్రశ్న అడగాలంటే ఓబులేసుకీ సిగ్గే. అప్పుడతను కొత్త డాక్టరు. పెద్దపేగు క్యాన్సరు ముదరకముందే అది నెత్తుట్లో వదిలే ఆనవాళ్లను పట్టుకునే పరీక్ష ఒకటి నేర్చుకున్నాడు. అది చేతికొచ్చాక అతని నడకే మారిపోయింది. ఇక ఎవరినీ డబ్బాలో మలం తెమ్మనక్కర్లేదు, ఎవరూ తలదించుకోనక్కర్లేదు.

అతని గురువు మస్తాన్ సార్. అరవై దాటినా లూనా మీదే క్యాంపులకు తిరిగేవాడు. ఆ రోజులే వేరు. మిల్లు సైరను మోగితే ఊరంతా అన్నానికి లేచేది. గాలిలో తేలే దూది టీ గ్లాసుల్లో పడేది. సార్ దాన్ని వేలితో తీసేసి, మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసేవాడు.

మిల్లు గేటు దగ్గర నూట ఎనభై మంది నెత్తురిచ్చారు. వారానికి ఫలితాల కాగితాలొచ్చాయి. దూది బేళ్లు మోసే హమాలీ ఈరన్న వంతు వచ్చింది.

"నీకేం లేదప్పా. పోయి హాయిగా పని చేసుకో," అన్నాడు ఓబులేసు.

ఈరన్న కదల్లేదు. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు.

"వాణ్ణి ఏమన్నా అడిగినావా?" అన్నాడు సార్.

"మనిషి దాచేది నెత్తురు చెప్తుంది సార్. ఇంకా అడగడమెందుకు?"

సార్ స్టూలు లాక్కుని ఈరన్న పక్కన కూర్చున్నాడు, బీడీ అడగబోయేవాడిలా.

"ఈరన్నా, నాకు పొద్దున్నే నెత్తురు పడతాంది. మా ఇంటామెకు గూడా చెప్పలా. నీకేమన్నా అట్లుందా?"

ఈరన్న చుట్టూ చూశాడు.

"మీకు గూడానా సార్?" గొంతు తగ్గించాడు. "నాకు ఆర్నెల్లాయె. మొలలులే అని ఊరుకుంటి. నా పెండ్లాము ఏడుస్తాదని చెప్పలా."

ఓబులేసు చెవులు వేడెక్కాయి.

కర్నూలు తీసుకుపోయి పేగులోకి గొట్టం వేసి చూశారు. ఉసిరికాయంత గడ్డ. పేగు గోడ దాటలేదింకా. కోసి తీసేశారు. నెల తిరక్కుండానే ఈరన్న గేటు దగ్గర కూర్చుని, తన బేళ్లు మోసే కుర్రవాళ్లను తిట్టడం మొదలుపెట్టాడు.

ఓబులేసు మాత్రం పరీక్ష సామాను పెట్టెకు తాడు కట్టి మూలన పెట్టాడు. సార్ వచ్చి ఆ తాడు విప్పాడు.

"దీనికోసమే గదరా అంతమంది వచ్చింది. పారేస్తావా?"

ఓబులేసుకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

"కానీ సార్, ఆ రోజు భలే అబద్ధమాడి మాట రాబట్టినారు."

సార్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"రెండేళ్లాయె నువ్వు నా పక్కన కూచోబట్టి. అది అబద్ధమో నిజమో నన్నెప్పుడన్నా అడిగినావా?"

ఓబులేసు లేచి తలుపు మూశాడు. సార్‌ను బల్ల మీద పడుకోమని చేతి తొడుగులు తీసుకున్నాడు.

నీ పక్కన కూర్చున్నవాళ్లను నువ్వడిగావా?