భయం పేనిన తాడు

సాయంత్రం. వాన లేదు. గాలి పొడిగా ఉంది. కొండ మీద ఒక్క తెల్లమబ్బు ఎటూ పోకుండా నిలబడింది.

మీ నాన్న, అన్నలు, వదిన గెడ్డ దాటి చోడి కోతకి వెళ్లారు. ఇంకా రాలేదు. వస్తారు. వచ్చేలోగా కథ చెబుతాను. ఇలా గెడ్డ ఒడ్డునే కూర్చోండి, నీళ్లకి దూరంగా. ఊఁ కొట్టండి. మీ ఊఁ ఆగితే నా కథ ఆగుతుంది.

ఈ గెడ్డకి ఇంకా పేరు పెట్టని కాలం. మన తాతల తాతలు గోచీ కట్టడం నేర్చుకుంటున్న కాలం. ఇదే ఒడ్డున, ఈ మద్దిచెట్టు పక్కన, దాలమ్మ అని ఒక మనిషి ఉండేది.

మొగుడు లేడు. పిల్లల్లేరు. పొలం లేదు. గోగునార తెచ్చి పశువులకి పలుపులు పేనేది. పలుపు ఇచ్చి చోళ్లు తెచ్చుకునేది. అంబలి కాచుకుని తాగేది. అంతే ఆమె బతుకు.

దాలమ్మకి భయం. ఉరిమితే భయం. నక్క కూస్తే భయం. గెడ్డ పొంగితే భయం. కోడిపుంజు ఎదురొచ్చినా పక్కదారి పట్టేది.

భయమేస్తే ఏం చేసేది? ఏడ్చేది కాదు. అరిచేది కాదు. తాడు పేనేది.

ఉరిమితే ఒక మూర. నక్క కూస్తే ఒక మూర. గెడ్డ పొంగితే ఒక మూర.

అది ఏ పశువుకీ కట్టని తాడు. ఎవరికీ ఇవ్వని తాడు. ఏళ్ల తరబడి పేనింది. గుడిసెలో సగం ఆమె, సగం తాడు.

ఊళ్లో అప్పలసామి అని ఒక కుర్రాడు. గట్టివాడే. నోరు ఇంకా గట్టిది.

"దాలమ్మప్పా, అంత తాడు దేనికే? సందమావని కట్టేస్తావేటి?"

"తెల్దు నాయినా. సేతులు ఊరుకోవు."

ఊరు నవ్వేది. ఆమె కూడా నవ్వేది, కొంచెం.

ఊఁ కొడుతున్నారా? సరే.

తొలకరికి ఊరివాళ్లు అవతలి మెరకలో చోడి చల్లేవారు. చల్లి ఇవతలికి వచ్చేవారు. అంతలో గెడ్డ పొంగేది. చేను అవతల, మనుషులు ఇవతల. వానలన్నాళ్లూ అంతే. వానలు చివరికొచ్చేసరికి కుండల్లో పాత గింజలు అడుగంటేవి. అంబలి నీళ్లయ్యేది. అవతల కంకులు పండి తలలు వంచేవి.

ఎప్పుడు దాటాలి? దానికి మూడు గుర్తులు. ఒకటి తూనీగ. రెండు రెల్లు. మూడు నీరు.

తూనీగలు వాకిట్లో మోకాలెత్తున తిరిగితే వాన అలిసిందని అర్థం. రెల్లు తెల్లగా పూస్తే ఎండ తిరిగిందని అర్థం. గెడ్డలో ఎర్రనీరు తేటపడితే దారి తెరుచుకుందని అర్థం. మూడూ కనపడితే కొడవళ్లు పట్టుకుని దాటేవారు.

ఒక్కో గుర్తు కనపడినప్పుడల్లా ఊరిపెద్ద సన్నాసినాయుడు మద్దిచెట్టు దగ్గరికొచ్చి అడిగేవాడు. సరదాకే.

"దాలమ్మా, భయం తీరిందా?"

"తీరనేదు బాబూ."

ఊరు నవ్వేది. నవ్వుకుని దాటేది. ఏటా ఇదే తంతు.

ఒక ఏడు గెడ్డ ఎప్పుడూ లేనట్టు పొంగింది. కొండ మీది బండల్ని దొర్లించుకుంటూ పోయింది. దాలమ్మ చేతులకి బొబ్బలెక్కేదాకా తాడు పేనింది.

తరవాత వాన తగ్గింది. ఒకరోజు పొద్దున్నే గడ్డి మీద సాలెగూళ్లు కనిపించాయి, ప్రతి గూట్లో మంచు. కప్పలు గొంతు తగ్గించాయి. గొడ్ల వీపుల మీద ఆవిరి లేచింది. తెల్లారుజామున పిల్లలు దుప్పటి లాక్కోవడం మొదలెట్టారు.

తూనీగలొచ్చాయి.

"దాలమ్మా, భయం తీరిందా?"

"తీరనేదు బాబూ."

రెల్లు పూసింది. ఒడ్డంతా ముసలాళ్లు నిలబడినట్టు తెల్లబడింది.

"దాలమ్మా, భయం తీరిందా?"

"తీరనేదు బాబూ."

నీరు తేటపడింది. అడుగున గులకరాళ్లు మెరిశాయి. చిన్నచేపలు నీడలతో సహా కనిపించాయి.

"దాలమ్మా, భయం తీరిందా?"

"తీరనేదు బాబూ."

ఈసారి సన్నాసినాయుడు నవ్వలేదు. కడుపులో ఆకలి ఉన్నవాడు ఎంతకని నవ్వుతాడు?

"ఇంకేటి కావాలే నీకు? మూడు గుర్తులూ ఒచ్చీసాయి. ఇవతల పిల్లలు అంబలికి ఏడుస్తన్నారు. అవతల పిట్టలు మన సేను తింటన్నాయి."

"ఒచ్చాయి బాబూ. నాకూ కనపడతన్నాయి. కానీ కాళ్లు ఒణుకుతన్నాయి. ఎందుకో నాకే తెల్దు."

"నీ కాళ్లు పుట్టినకాడ్నించీ ఒణుకుతానే ఉన్నాయి," అన్నాడు అప్పలసామి.

మర్నాడు పొద్దెక్కాక కోతవాళ్లు రేవులోకి దిగారు. చేయీ చేయీ పట్టుకుని ఒక వరస. అందరికంటే ముందు అప్పలసామి. అందరికంటే వెనక సన్నాసినాయుడి కూతురు పైడమ్మ.

దాలమ్మ గుడిసెలోంచి తాడు ఈడ్చుకొచ్చింది. ఒక కొస మద్దిచెట్టుకి కట్టింది. రెండో కొస పట్టుకుని పైడమ్మ దగ్గరికి వెళ్లింది.

"అమ్మడూ, నడుముకి ఒక్క చుట్టు చుట్టుకో. నీకు కాదే, నాకు. నీ ఎనకాల తాడుంటే నాను కూకోగల్ను."

పైడమ్మ నవ్వింది. మనసు మంచిది. చుట్టుకుంది.

"ఒలే, మేకపిల్లని మేపుకి తోల్తన్నావేటే!" అని ముందునుంచి అప్పలసామి కేకేశాడు. వరసంతా నవ్వింది. నవ్వుతూనే నీళ్లలోకి నడిచారు.

ఇక్కడ ఒక మాట వినండి. గెడ్డ పొంగినప్పుడు రేవు నడిమధ్య పెద్ద గొయ్యి తవ్వింది. అది ఎవరికీ తెలీదు. దాలమ్మకీ తెలీదు. నీరు ఎర్రగా ఉంటే మనిషి కర్ర వేసి చూస్తాడు. నీరు తేటగా ఉంటే కర్ర ఇంట్లో వదిలేస్తాడు. గులకరాళ్లు చెయ్యి పెడితే అందేలా ఉన్నాయి. మోకాలి లోతే అనుకున్నారు. తేటనీరు లోతుని దాస్తుంది పిల్లలూ. ఎర్రనీరు భయపెడుతుంది, తేటనీరు రమ్మంటుంది.

అప్పలసామి అడుగు వేశాడు. ఆ అడుగుకి నేల లేదు.

అతను మునిగాడు. అతని చెయ్యి పట్టుకున్నవాడు మునిగాడు. వాడి చెయ్యి పట్టుకున్నది మునిగింది. వరసంతా గోతిలోకి జారుతోంది. చివరికి పైడమ్మ కాళ్లు కూడా లేచాయి.

దాలమ్మ చేతిలోని తాడుని గబగబా మద్దిచెట్టుకి ఒక చుట్టు వేసింది. అప్పుడు తాడు బిగిసింది.

మద్దిచెట్టు కదల్లేదు. దాలమ్మ తాడు పట్టి లాగింది. సన్నాసినాయుడు పరుగెత్తుకొచ్చి పట్టాడు. ముసలాళ్లు పట్టారు. పిల్లతల్లులు చంటిపిల్లల్ని నేలమీద పెట్టి పట్టారు. ఒక్కొక్కరే దగ్గుతూ, కక్కుతూ ఒడ్డుకొచ్చారు.

దాలమ్మ పేరుపేరునా చూసింది.

"అప్పలసామేడి?"

అతని చెయ్యి జారిపోయింది. కిందికి కొట్టుకుపోయి, గెడ్డ మధ్యలో రెల్లు దుబ్బు పట్టుకుని వేలాడుతున్నాడు. దుబ్బు వేళ్లు ఒక్కొక్కటే తెగుతున్నాయి.

"అప్పా!" అని అరిచాడు. ఆ పిలుపులో ఎగతాళి లేదు.

ఎవరు దిగుతారు? వచ్చినవాళ్లకి ఊపిరి లేదు. మిగిలినవాళ్లకి ధైర్యం లేదు.

"నాకు భయమేస్తంది," అంది దాలమ్మ. అంటూనే పైడమ్మ నడుము నుంచి తాడు విప్పి, తన నడుముకి కట్టుకుంది. "వదిలీకండి బాబూ," అని నీళ్లలోకి దిగింది.

పళ్లు కొట్టుకుంటున్నాయి. ఒళ్లంతా ఒణుకుతోంది. అయినా పోతోంది. ఒడ్డున తాడు చుట్టలు విడుతున్నాయి.

ఉరిమినప్పుడు పేనిన మూరలు అయిపోయాయి. నక్క కూసినప్పుడు పేనిన మూరలు అయిపోయాయి. అతను ఇంకా అందలేదు. గెడ్డ పొంగినప్పుడు పేనిన మూరలు మిగిలాయి. అవీ పోతున్నాయి, పోతున్నాయి.

ఆఖరి మూర దగ్గర చెయ్యి అందింది.

దాలమ్మ అతని జుట్టు పట్టుకుంది. ఊరు తాడు లాగింది.

ఒడ్డెక్కాక అప్పలసామి నీళ్లు కక్కి లేచి కూర్చున్నాడు. దాలమ్మని అడిగాడు.

"అప్పా, ఇప్పుడైనా భయం తీరిందా?"

"తీరనేదు నాయినా," అంది దాలమ్మ. "తడిసింది, అంతే."

అప్పుడు ఊరంతా నవ్వింది. ఏడుస్తూ నవ్వింది. అది వేరే నవ్వు.

మర్నాడు ఎగువన కర్ర వేసి చూసి, లోతులేని చోట ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి అదే తాడు కట్టారు. పట్టుకుని దాటారు. పిట్టలు తిన్నది పోగా చోడి చాలానే మిగిలింది. ఆ సాయంత్రం దాలమ్మ ఇవతల నిలబడి, వచ్చినవాళ్లని వచ్చినట్టు పేరుపెట్టి పిలిచింది. అందరూ వచ్చారు. అయినా మళ్లీ పిలిచింది. ఇంకోసారి పిలిచింది. అప్పుడే అంబలి తాగింది. చిక్కటి అంబలి.

తరవాత చాలా ఏళ్లు బతికింది. ముసలిదైంది. మంచం పట్టింది. ఊరంతా చుట్టూ చేరింది. అప్పలసామికీ అప్పటికి జుట్టు రెల్లులా అయింది.

"అప్పా, భయమేస్తందా?"

"ఏస్తంది నాయినా."

అతను తాడు కొస తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. రెండో కొస ఊరు పట్టుకుంది. ముసలాళ్లు, పిల్లతల్లులు, పిల్లలు, అందరూ. ఆమె వేళ్లతో తాడుని ఒకసారి తడిమి చూసుకుంది. కళ్లు మూసుకుంది. ఆమె వెళ్లాక కూడా చాలాసేపటిదాకా ఎవరూ తాడు వదల్లేదు.

ఆ తాడు ఎప్పుడో చివికిపోయింది. అందుకే ఏటా రెల్లు పూసేవేళకి మన ఊళ్లో ఇంటికొక మూర పేనుతాం. పేనేటప్పుడు ఎవరి భయం వాళ్లు పైకి చెప్పుకోవాలి. సిగ్గుపడకూడదు. నవ్వకూడదు. అన్నీ కలిపి ఒక్క తాడు చేసి గెడ్డకి అడ్డంగా కడతాం. అదిగో, ఆ తాడే.

రేవులో దిగేముందు పెద్దవాళ్లు అడుగుతారు. "భయం తీరిందా?"

తీరిందన్నవాణ్ణి ఆ ఏడు దిగనివ్వరు. "తీరనేదు, తాడుంది" అన్నవాణ్ణే దిగమంటారు. మీ చిన్నన్న, మన చిన్నాడు, పొద్దున అలాగే అన్నాడు. నేను విన్నాను. నిరుడు వాడి కాలు జారింది, తాడు దొరికింది. అందుకే ఈ ఏడు మనింటి మూర నేనే పేనాను.

ఊఁ కొట్టడం ఆపండి. చప్పుడు చెయ్యకండి. అవతల రెల్లు కదిలింది.

అదిగో, మీ నాన్న. నెత్తిన మోపు. ఒక చేత్తో మోపు, ఒక చేత్తో తాడు.

వెనక మీ పెద్దన్న సూరి. వాడి వెనక కోడలు నీలమ్మ.

చిన్నాడు... ఇంకా మధ్యలోనే ఉన్నాడు. తాడు వదలకురా నాయినా. నెమ్మదిగా. ఆఁ, అలాగే.

ఎక్కాడు.

మీ నాన్న. సూరి. నీలమ్మ. చిన్నాడు.

ఉండండి, ఇంకోసారి. మీ నాన్న. సూరి. నీలమ్మ. చిన్నాడు.

అందరూ వచ్చారు.