వెనక నిలబడే విద్య

తిరుపాలు మళ్లీ కొక్కేలు విప్పించుకుని పక్కకి వెళ్లిపోయాడు. కిరీటికి ఒళ్లు మండింది.

తిరుపాలు సైన్యంలో హవల్దారుగా చేసిన మనిషి. వెనకాల పేలిన మందుపాతర తోటివాళ్లందరినీ తీసుకుపోయి ఆయనొక్కణ్ణే మిగిల్చింది. అప్పట్నుంచీ వెనక ఎవరు నిలబడినా ఆయనకి వణుకు వస్తుంది. సెలూన్‌కి కూడా వెళ్లడు. అద్దం ముందు కూర్చుని జుట్టు తనే వంకరటింకరగా కత్తిరించుకుంటాడు.

అలాంటి మాజీ సైనికుల్ని, ఘోర ప్రమాదాల్లోంచి బతికి బయటపడ్డవాళ్లని విమానం ఎక్కించి, ప్యారాచూట్‌తో ఉచితంగా దూకించే సంస్థలో కిరీటి శిక్షకుడు. దూకేవాళ్లు ముందుంటారు. శిక్షకుడు వెనక నిలబడి, కొక్కేలతో వాళ్లని తనకు తగిలించుకుంటాడు. ప్యారాచూట్ ఉండేది శిక్షకుడి వీపు మీదే. కాబట్టి వెనక మనిషి లేకుండా దూకడం కుదరదు.

వానలు దగ్గరపడ్డాయి. ఈ ఏటికి విమానం ఎగిరేది ఇక ఆ రోజే. దూకాలని తిరుపాలుకి ప్రాణం కొట్టుకుపోతోంది. ముందురోజే వచ్చి షెడ్డులో పడుకున్నాడు పాపం!

"ఆయన్ని ఆలోచించుకోనివ్వకూడదు మాస్టారూ," అన్నాడు కిరీటి. "మాటల్లో పెట్టి చటుక్కున తగిలించేస్తాను. గాల్లోకి వెళ్లాక భయం అదే పోతుంది. నా చెయ్యి ఎంత చురుకో మీకు తెలుసుగా!"

నిజమే, ఆ పనిలో కిరీటిని మించినవాడు లేడు. ఆ మాట అందరికంటే ముందు అతనే చెప్తాడు. తన ప్యారాచూట్ సంచీని ఎవ్వరినీ ముట్టుకోనివ్వడు కూడా.

గవరయ్య మాస్టారు ఒకప్పుడు సైనికులకి, ఆ తర్వాత కిరీటికి ప్యారాచూట్‌తో దూకడం నేర్పినాయన. శిష్యుడి మాట విన్నాడు. తన సంచీ తగిలించుకుని తిరుపాలు దగ్గరికి నడిచి, ఆయనకి వీపు చూపించి నిలబడ్డాడు.

"ఓపాలి నా పట్టీలు చూడండి బాబూ."

దూకేముందు ముందువాడి వీపు వెనకవాడు తడిమి చూడటం ప్యారాచూట్ దళాల్లో ఆచారం. తిరుపాలు కంగారుపడ్డాడు. తర్వాత ఒక్కో పట్టీ లాగి చూశాడు. వేలాడుతున్న కొసని లోపలికి దోపాడు.

"ఇప్పుడు సరిగ్గుంది సార్."

మాస్టారు కిరీటి వైపు చూసి, "నువ్వు," అన్నాడు. అని టీ తాగడానికి వెళ్లిపోయాడు.

కిరీటి మొహం మాడ్చుకునే తిరిగి నిలబడ్డాడు. వెనక చేతులు కదులుతున్నాయి. ఏం లాగుతున్నాడు? ఏం విప్పుతున్నాడు? వీపు దానంతటదే బిగుసుకుంది.

"ఏం చేస్తున్నారండీ?" అనేశాడు ఉండబట్టలేక.

"చెప్తా ఉండప్పా. కుడి భుజం కాడ పట్టీ చూస్తాండా. ఇప్పుడు నడుం కాడ చెయ్యి పెడతాండా."

కిరీటికి ఊపిరి ఆడింది. చటుక్కున తగిలించేస్తానన్న తన మాట గుర్తొచ్చింది. సిగ్గేసింది.

విమానంలో అతని చేతులు మునుపెన్నడూ లేనంత నెమ్మదిగా కదిలాయి. "ఎడమ భుజం దగ్గర కొక్కెం. వెయ్యనాండీ?"

"వెయ్యప్పా."

"నడుం దగ్గర. వెయ్యనా?"

చాలాసేపటికి, "వెయ్యి," అన్నాడు తిరుపాలు.

తలుపు తెరుచుకుంది. గాలి హోరున లోపలికి కొట్టింది. అంచు దాకా వచ్చి, "ఆగప్పా!" అని అరిచాడు తిరుపాలు. ఒక్క తోపు తోస్తే అయిపోయేది. కిరీటి పళ్లు బిగపట్టి, ఇంకో చుట్టు తిప్పమని పైలట్‌కి సైగ చేశాడు.

విమానం తిరిగి వచ్చింది. ఈసారి తిరుపాలే ముందుకి వంగాడు.

"పోదాం పదప్పా!"

ఆకాశం గిర్రున తిరిగింది. చెంపలు రెపరెపలాడాయి. తిరుపాలు గొంతు చించుకుని కేక పెట్టాడు. కిరీటి అంతకంటే గట్టిగా పెట్టాడు. అబ్బ, ఎంత ఆనందం! మొదటిసారి దూకుతున్నట్టే ఉంది అతనికి.

ప్యారాచూట్ విచ్చుకుంది. హోరు ఆగిపోయి అంతా నిశ్శబ్దమైంది.

"ఎనకాల ఉండావా అప్పా?"

"ఉన్నానండీ."

"ఉండు, ఉండు," అన్నాడు తిరుపాలు. ఆయన ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

నేల మీదికి దిగి కొక్కేలు విప్పగానే కిరీటి ఒక్క పరుగున మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, దూకించేశా..."

మాట ఆగిపోయింది. అటు మైదానంలో తిరుపాలు చేతులు బార్లా చాపి, కనబడినవాళ్లందరినీ కావలించుకుంటున్నాడు.

"తిరుపాలుగారు దూకారు మాస్టారూ," అన్నాడు కిరీటి. "నన్ను కూడా తీసుకెళ్లారు."